డిమెన్షియా ఉన్న పెద్దవారికి వ్యాయామం: కడప జిల్లా కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మన దేశంలో అరవై ఏళ్ళు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనాశక్తీ క్రమంగా క్షీణించే జబ్బు, ఉందని 2023లో వెలువడిన ఒక జాతీయ అంచనా చెబుతోంది. కడప వైపు చాలా ఇళ్ళలో దీన్ని ఇప్పటికీ వయసు మీదపడి వచ్చిన చాదస్తంగానే భావిస్తారు. పెద్దాయన అరుగు మీద ఒక మూల కూర్చుంటే చాలు, ఎక్కడికీ పోకుంటే అంతే చాలు అనుకుంటారు. జబ్బు మతిని తీసేలోపే ఆ కూర్చోబెట్టడం కాళ్ళను తీసేస్తుంది. కింది జవాబులన్నీ ఆ విషయాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇవి సాధారణ సమాచారం మాత్రమే. మీ ఇంట్లోవారికి ఏది తగినదో నిర్ణయించవలసినది వారిని పరీక్షించిన డాక్టరే.

వ్యాయామం చేయిస్తే జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందా?

రాదు. ఈ మాట ముందే స్పష్టంగా చెప్పడం మేలు, ఎందుకంటే జ్ఞాపకశక్తి మీద ఆశతో మొదలుపెట్టినవారు రెండు నెలలు గడిచేసరికి మార్పేమీ లేదని మానేస్తారు. ఇంగ్లండులో 494 మందితో జరిగి 2018లో వెలువడిన డాపా అనే పరిశోధనలో, జబ్బు తొలి దశలోనూ మధ్య దశలోనూ ఉన్నవారి చేత నాలుగు నెలల పాటు గట్టి వ్యాయామమే చేయించారు. వారి శరీర దారుఢ్యం పెరిగింది గానీ ఆలోచనాశక్తి క్షీణించడం మాత్రం ఆగలేదు. ఏడాది తర్వాత కొలిచి చూస్తే వ్యాయామం చేసినవారి ఫలితం చేయనివారి కంటే ఒక పిసరు వెనకబడే ఉంది. ఆ తేడా రోజువారీ జీవితంలో కనిపించేంత పెద్దది కాదు, కానీ 'ఈ వ్యాయామంతో మతిమరుపు మాయం' అని వాట్సాప్‌లో తిరిగే వీడియోలను నమ్మకుండా ఉండడానికి అది చాలు.

అయితే మరొక వైపు కూడా ఉంది. ఫిన్లండులో అల్జీమర్స్ (డిమెన్షియాలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రకం) ఉండి ఇంట్లోనే జీవిస్తున్న 210 మందిని తీసుకుని, వారిలో కొందరికి ఏడాది పాటు వారానికి రెండుసార్లు ఫిజియోథెరపిస్టు దగ్గరుండి వ్యాయామం చేయించినప్పుడు, తమ పనులు తాము చేసుకునే శక్తి తగ్గిపోవడం నెమ్మదించింది, పడిపోవడం కూడా తగ్గింది. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. 17 ప్రయోగాలను కలిపి పరిశీలించిన 2015 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష కూడా ఇంచుమించు ఇదే చెప్పింది: జ్ఞాపకశక్తి విషయంలో స్పష్టమైన లాభం కనిపించలేదు, రోజువారీ పనుల విషయంలో మాత్రం లాభం ఉండవచ్చు.

జ్ఞాపకశక్తి రాకపోతే ఇంత శ్రమ ఎందుకు?

పెద్దామె కుర్చీలోంచి తనంతట తాను లేవగలిగినంత కాలం, మరుగుదొడ్డికి తానే వెళ్ళగలదు. లేవలేని రోజు నుంచి ఇద్దరు మనుషులు కావాలి, డయపర్లు కావాలి, మంచం మీద స్నానం కావాలి. డిమెన్షియా ఉన్న ఇంటి బతుకు చాలా వరకు ఈ ఒక్క గీతకు అటో ఇటో ఉంటుంది. తొడల్లో బలం, నిలబడినప్పుడు తూలకపోవడం, పది అడుగులు నడిచే ఓపిక అనే మూడింటినీ ఎంత కాలం నిలుపుకుంటే ఆ గీతను అంత దూరం జరపగలం.

దీనితో పాటు పగలు కాస్త కదిలినవారికి రాత్రి నిద్ర మెరుగ్గా ఉండే అవకాశం ఉంది, మలబద్ధకం తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, బీపీ, షుగరు అదుపులో ఉండడానికి సాయపడుతుంది. దిగులుగా ఉండేవారిలో కొందరికి మనసు కూడా తేలికపడుతుంది.

జబ్బు రాకముందు నుంచే చేస్తే రాకుండా ఆపవచ్చా?

తప్పక ఆపుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు గానీ, అవకాశం తగ్గుతుంది. డిమెన్షియాకు దారితీసే, మార్చుకోగలిగిన కారణాలను లాన్సెట్ అనే వైద్యపత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ 2024లో 14గా లెక్కించింది. శరీరశ్రమ లేకపోవడం వాటిలో ఒకటి, అధిక రక్తపోటు, మధుమేహం, వినికిడి లోపం, పొగతాగడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి తండ్రిని నడకకు తీసుకువెళ్ళే కొడుకు తాను బండి మీద కూర్చుని వెనకాల రావడం కంటే పక్కనే నడవడం ఇద్దరికీ మంచిది.

మొదలుపెట్టే ముందు డాక్టరును ఏమేం అడగాలి?

గుండెజబ్బు, పక్షవాతం, ఎముకలు గుల్లబారడం, గతంలో కాలో తుంటో విరగడం వంటివి ఉంటే ముందుగానే చెప్పాలి. ఆ తర్వాత రెండు విషయాలు మీరే గుర్తుపెట్టుకుని అడగవలసినవి, ఎందుకంటే రద్దీగా ఉండే ఓపీలో అవి మరుగునపడిపోతాయి.

మొదటిది, బీపీని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన మూడు నిమిషాల లోపు ఇంకోసారి చూడమనండి. నిలబడగానే పై సంఖ్య 20 గానీ కింది సంఖ్య 10 గానీ అంతకు మించి గానీ పడిపోతే, లేచిన వెంటనే కళ్ళు తిరిగి పడే ప్రమాదం ఉన్నట్టు. బీపీ మాత్రలు, ప్రోస్టేటుకు ఇచ్చే కొన్ని మాత్రలు, మనసు కుదుటపడడానికి ఇచ్చే కొన్ని మందులు దీనికి కారణం కావచ్చు. అలాంటివారు మంచం మీది నుంచి లేచే ముందు ఒకటి రెండు నిమిషాలు కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుని, మడమలు ఆడించి, అప్పుడు లేవాలి.

రెండవది, డిమెన్షియాకు ఇచ్చే డొనెపెజిల్ వంటి మాత్ర వాడుతున్నవారిలో కొందరికి గుండె వేగం బాగా తగ్గుతుంది. నాడి నెమ్మదిగా కొట్టుకోవడం, ఎప్పుడైనా సొమ్మసిల్లి పడడం జరిగి ఉంటే అది చెప్పకుండా నడక మొదలుపెట్టవద్దు. అలాగని మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు.

వారానికి ఎంతసేపు చేయించాలి?

పెద్దవయసువారందరికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన కొలత, వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ; వారానికి కనీసం మూడు రోజులు నిలకడకూ బలానికీ పనికివచ్చే కదలికలు అదనం. మధ్యస్థం అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేనంతగా ఊపిరి ఆడాలి. ఈ సంఖ్యను చూసి బెదరవలసిన పని లేదు. ఇన్నాళ్ళూ కూర్చునే ఉన్న మనిషికి రోజుకు రెండు మూడు సార్లు ఐదేసి నిమిషాలు మంచి ఆరంభం. ఏ కొంచెమైనా ఏమీ చేయకపోవడం కంటే మేలని ఆ సూచనల్లోనే ఉంది.

ఇంట్లో చేయించదగ్గ వ్యాయామాలు ఏవి?

ఒక్కటే చేయించగలిగే తీరిక ఉంటే కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయించండి. తొడలకు, తుంటికి, నిలకడకు అన్నిటికీ అదే పనికివస్తుంది. కుర్చీ చేతులు ఉన్నది, బరువైనది, వీపు గోడకు ఆనించినది అయి ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు. నున్నటి బండ మీద దాని కాళ్ళు జారతాయి, పెద్దవారు ఒక చేతి మీద బరువంతా మోపితే ఒరిగిపోతుంది. నులక మంచం కూడా వద్దు, అది కుంగి ఉంటుంది కాబట్టి దానిలోంచి లేవడం కుర్రవాళ్ళకే కష్టం. కుర్చీ అంచు దాకా జరిగి, పాదాలు కాస్త వెనక్కి పెట్టి, ముక్కు మోకాళ్ళ మీదికి వచ్చేలా ముందుకు వంగి లేవాలి. కూర్చునేటప్పుడు ధబ్బున పడకుండా నెమ్మదిగా కూర్చోవడం అంతకంటే ముఖ్యం. ఐదు సార్లతో మొదలుపెట్టి, కొన్ని వారాల్లో పది దాకా తేవచ్చు.

దానికి తోడు వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తడం, అక్కడే నిలబడి ఒక్కో కాలు పక్కకు చాపడం, కూర్చుని మోకాలు నిటారుగా చాపి కాసేపు నిలపడం చాలు. చేతులకు అరలీటరు నీళ్ళ సీసాలు సరిపోతాయి. మిగతాదంతా నడకే. తెల్లవారుజామున మున్సిపల్ స్టేడియంలోనో ఊరి హైస్కూలు మైదానంలోనో మంది ఉంటారు కాబట్టి పలకరింపులు కూడా దొరుకుతాయి. పలకరింపు కూడా ఈ జబ్బులో ఒక అవసరమే.

మా నాయన 'నాకేమైంది, నేనెందుకు చేయాలి' అని కసురుకుంటాడు. ఏం చేయాలి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. మెదడులో పనిని మొదలుపెట్టించే భాగం దెబ్బతిన్నప్పుడు మనిషి సోమరిగా, మొండిగా కనిపిస్తాడు. అది జబ్బు లక్షణం, స్వభావం కాదు. 'వ్యాయామం' అనే మాటనే పక్కన పెట్టండి. ఆయన చేతులకూ కాళ్ళకూ ఏ పని తెలుసో దాన్ని వెతకండి. ఏళ్ళ తరబడి చేసిన పనుల నైపుణ్యం, నిన్నటి సంగతులు మరిచిపోయిన తర్వాత కూడా చాలా కాలం ఉంటుంది.

సేద్యం చేసిన మనిషి ముందు ఒక చేటలో చెనిక్కాయలు పోసి, పక్కన ఖాళీ గిన్నె పెట్టి, మీరు కూడా కూర్చుని ఒలవడం మొదలుపెట్టండి. విత్తనానికి గింజ పగలకుండా ఒలిచిన చేతులవి. బొటనవేలు కాయ ముక్కు దగ్గరికి దానంతట అదే వెళుతుంది, టప్పుమని నొక్కుతుంది, పొట్టు ఒక పక్కకు, గింజ ఒక పక్కకు పోతుంది. కొడుకు పేరు తడుముకునే మనిషి పుచ్చుగింజను చూడగానే తీసి అవతల పారేస్తాడు. ఇందులో వేళ్ళకు పని ఉంది, కంటికీ చేతికీ పొందిక ఉంది. కాస్త తెలివి వాడితే కాళ్ళకు కూడా పని కల్పించవచ్చు: చేటను ఒక చోట, డబ్బాను నాలుగు అడుగుల అవతల బల్ల మీద పెడితే గిన్నె నిండిన ప్రతిసారీ ఆయన లేచి నడిచి పోసి రావాలి. అది కుర్చీలోంచి లేచే వ్యాయామమే.

ఆడవారికి ఇదే విధంగా జొన్నపిండిని తట్టడం, చీరలు మడతపెట్టడం, తులసి చెట్టుకు చెంబుతో నీళ్ళు పోయడం, పూలు కట్టడం ఉన్నాయి; పొయ్యి దగ్గరి పని మాత్రం ఒంటరిగా అప్పగించకూడదు. చెక్కభజన చేసినవారు ఇంట్లో ఉంటే అదృష్టమే. చెక్కలు చేతికిచ్చి ఫోనులో పాట పెడితే, కూర్చున్న మనిషి పాదం కూడా తాళం వేస్తుంది, రెండో చరణానికి లేచి నిలబడినా ఆశ్చర్యపడనక్కరలేదు. దేవుని కడప గుడిలో ప్రదక్షిణం, దర్గాకు నడక, మసీదులో నమాజు, చర్చిలో ఆదివారం ఆరాధన వంటివి కూడా ఒంటికి పని చెప్పేవే. నమాజులో వంగి లేవడం కష్టమైనవారు కుర్చీలో కూర్చుని చేయవచ్చు.

రెండోసారి అడిగినా రానంటే ఆ పూటకు వదిలేయండి. అరగంట తర్వాత మళ్ళీ అడిగితే ఆ నిరాకరణ ఆయనకు గుర్తుండకపోవచ్చు. బలవంతంగా రెక్క పట్టి లేపితే మాత్రం, ఆ సంఘటన మరిచిపోయినా, దాని వల్ల కలిగిన భయం మిగిలిపోతుంది.

చెప్పినది అర్థం కానట్టు చూస్తూ ఉంటారు. ఎలా చెప్పాలి?

ఎదురుగా, ఆయన కళ్ళ ఎత్తుకు వచ్చి, ఒకసారికి ఒకే మాట చెప్పాలి. 'లేచి చెప్పులు వేసుకుని బయటికి పోదాం రా' అనే వాక్యంలో మూడు పనులున్నాయి. 'లేయి నాయనా' అని చెప్పి, లేచిన తర్వాత చెప్పులు చూపించాలి. మాట కంటే మీరు చేసి చూపించడం బాగా పనిచేస్తుంది. జవాబుకు పది సెకన్లు ఆగండి. టీవీ ఆపేయండి. కళ్ళజోడు, వినికిడి యంత్రం పెట్టారో లేదో చూసుకోండి. వినపడక చేయని పనిని మతిమరుపు ఖాతాలో రాయడం మామూలే.

మా ఇంట్లో నల్లబండలు పరిచాము. ఆ గదిలోకి అడుగుపెట్టడానికి మా అమ్మ భయపడుతుంది. ఎందుకు?

కడప జిల్లాలో చాలా ఇళ్ళకు వర్తించే ప్రశ్న ఇది. డిమెన్షియాలో కన్ను బాగానే ఉన్నా, చూసినదాని లోతును, దూరాన్ని మెదడు సరిగా అంచనా కట్టలేకపోవచ్చు. తెల్ల టైల్సు ఉన్న వరండా నుంచి పాలిషు పట్టిన నల్ల కడపబండ మొదలయ్యే చోట ఆమెకు గొయ్యి కనిపించవచ్చు. కిటికీ వెలుగు పడి బండ మెరిస్తే నీళ్ళు నిలిచినట్టు అనిపించవచ్చు. అందుకే అక్కడ ఆగిపోతారు, లేదా లేని మెట్టును దాటుతున్నట్టు కాలు ఎత్తి వేస్తారు, అలా వేసినప్పుడే తూలతారు.

ఇల్లంతా తవ్వించనవసరం లేదు. పగలు కిటికీకి పల్చటి తెర వేసి మెరుపు తగ్గించండి. రంగు మారే చోట 'ఏమీ లేదమ్మా రా' అని వెనక నుంచి తోయకుండా, మీరు ముందు ఆ బండ మీద నిలబడి చేయి అందించండి. నిజమైన మెట్లు, గడపల అంచులకు మాత్రం పసుపుపచ్చ టేపు అంటించండి. మెట్టు లేని చోట అంటిస్తే మెట్టు ఉందనుకుంటారు. గోనెపట్టాలు, చిన్న తివాచీలు తీసేయండి, అవి కాలికి తగలడమే కాకుండా నల్లవైతే గుంతల్లా కూడా కనిపిస్తాయి. స్నానాలగదిలో నున్నటి బండలుంటే రాతిపని చేసేవారిని పిలిచి ఉలితో గాట్లు కొట్టించడం పాత పద్ధతే గానీ చవకగా పనిచేస్తుంది. గోడకు పట్టుకునే కడ్డీ కూడా బిగించాలి. నేల తడిపి తుడిచిన తర్వాత ఆరేదాకా వారిని కూర్చోబెట్టి ఉంచండి. రాత్రి మరుగుదొడ్డి దారిలో చిన్న దీపం వెలుగుతూ ఉండాలి.

పడిపోతారనే భయంతో నడవనివ్వడం లేదు. అది తప్పా?

భయం న్యాయమైనదే, డిమెన్షియా ఉన్నవారు అదే వయసువారితో పోలిస్తే దాదాపు రెట్టింపు సార్లు పడతారు. కానీ కూర్చోబెట్టిన కొద్దీ కండ కరిగి, లేచిన ఆ ఒక్కసారే పడతారు. హవాయి చెప్పులు మానిపించి వెనక పట్టీ ఉన్నవి వేయండి, పంచె గానీ చీర కుచ్చిళ్ళు గానీ చీలమండకు పైన ఉండేలా కట్టండి, పక్కన నడిచేటప్పుడు బలహీనమైన వైపు ఉండి మోచేయి అందించండి. చేతికర్ర కొత్తగా ఇస్తే దాన్ని వాడడం నేర్చుకోలేకపోవచ్చు, అందుకని ఫిజియోథెరపిస్టు చూసిన తర్వాతే ఇవ్వాలి.

మే నెలలో ఇక్కడి ఎండకు నడక ఎలా సాధ్యం?

వేసవిలో కడపలో ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలే. వయసు పైబడితే దాహం వేయడం తగ్గుతుంది, డిమెన్షియాలో దాహం వేసినా అడగడం తగ్గుతుంది. దానికి తోడు మూత్రం ఎక్కువగా పోయే బీపీ మాత్రలు, కొన్ని మానసిక వైద్యపు మందులు ఒంటిని ఎండకు తట్టుకోనివ్వవు. మార్చి చివరి నుంచి జూన్ దాకా బయటి నడకను ఉదయం ఏడు లోపు ముగించండి. వీలు కాని రోజు ఇంట్లోనే, వసారా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించండి. మిద్దె మీద సాయంత్రం గాలికి నడిపిద్దామనుకుంటే ఒకటి గమనించాలి: పగలంతా కాగిన బండ చీకటిపడినా సెగ కక్కుతూనే ఉంటుంది, పిట్టగోడ ఎత్తు తక్కువైతే అది మరో ప్రమాదం.

నీళ్ళు కావాలా అని అడగవద్దు, గ్లాసు చేతికివ్వండి. మజ్జిగ, పల్చటి రాగి అంబలి మంచివే. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి నీటి కొలత డాక్టరు చెప్పినట్టే ఉండాలి. చర్మం కాలిపోతూ, మాట తడబడుతూ, మత్తుగా ఉంటే వడదెబ్బ అనుకుని వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ, విసురుతూ 108కి ఫోన్ చేయాలి. మత్తులో ఉన్న మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు.

నలభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషి, రోజూ పొలానికి పోతానంటాడు. పంపవచ్చా?

తోడుతో పంపవచ్చు, పంపడం మంచిది కూడా. ఒంటరిగా వద్దు. గట్టు మీద నడక, కలుపు తీయడం, పశువుకు గడ్డి వేయడం ఆయనకు మందు లాంటివే; మోటారు స్టార్టరు, బోరు దగ్గరి కరెంటు తీగలు, పాతబడిన బావి, పురుగుమందు డబ్బాలు మాత్రం ఆయన చేతికి, దారికి అందకుండా ఉండాలి. ట్రాక్టరు తాళం, బండి తాళం దాచిపెట్టండి.

సాయంత్రమైతే 'ఇంటికి పోతా' అంటూ వీధిలోకి వెళ్ళిపోతారు. నడక వల్ల ఇది ఇంకా పెరుగుతుందా?

పెరగదు, పగలు చేతినిండా పని ఉన్నవారిలో సాయంత్రపు గాభరా తగ్గే అవకాశమే ఎక్కువ. ఆ గాభరా మొదలయ్యే వేళను వారం రోజులు గమనించి, దానికి ఒక గంట ముందు పదిహేను నిమిషాలు తోడుగా నడిపించి తీసుకురండి. వాదించి ఆపడం కంటే 'పద, పోదాం' అని నాలుగిళ్ళ అవతల దాకా వెళ్ళి తిరిగి రావడం తేలిక.

తప్పిపోతే ఏమిటన్నది ముందే ఆలోచించాలి. చొక్కా జేబులో కాగితం పెడితే తీసి పారేస్తారు. మెడలోని దారానికో చేతికో ఫోన్ నంబరు ఉన్న బిళ్ళ కట్టండి. వీధి చివరి అంగడివారికి, ఆటోస్టాండులోని వారికి విషయం చెప్పి ఉంచండి. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఇటీవలి ఫోటో ఒకటి ఫోనులో ఉంచుకోండి. కనబడకపోతే చీకటిపడేదాకా చూద్దామనుకోకుండా వెంటనే 112కి చెప్పండి.

షుగరు ఉంది, ఉపవాసాలు కూడా ఉంటారు. వ్యాయామం చేయించవచ్చా?

ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి ఖాళీ కడుపుతో నడక వద్దు. షుగరు పడిపోయినప్పుడు వచ్చే చెమట, వణుకు, తికమకను ఇంట్లోవారు 'ఈ రోజు మతి మరీ పోయింది' అనుకునే ప్రమాదం ఉంది. జేబులో చక్కెర గానీ గ్లూకోజు గానీ ఉంచుకోండి. ఏకాదశి అయినా రోజా అయినా, ఉండవచ్చా లేదా అన్నది డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. తిన్నది, మాత్ర వేసుకున్నది గుర్తులేని మనిషి ఉపవాసం ఉండడం ఎంత ప్రమాదమో ఇంటి పెద్దలకు వివరించడం కొంత కష్టమైన పనే.

మోకాళ్ళ నొప్పులున్నవారు?

కూర్చుని చేసేవి చేయించండి. నొప్పి ఉందని నోటితో చెప్పలేనివారు ముఖం చిట్లించడం, ఆ చోటును పట్టుకోవడం, కొట్టబోవడం ద్వారా చెబుతారు. వ్యాయామం వద్దని విసుక్కునేవారిలో కొందరికి ఉన్నది మొండితనం కాదు, మందు వేయని నొప్పి.

యోగా, ప్రాణాయామం?

కుర్చీలో కూర్చుని చేసే ఆసనాలు, నెమ్మదిగా గాలి పీల్చి వదలడం మంచివే. కపాలభాతి, ఊపిరి బిగబట్టడం, తల కిందికి పెట్టే ఆసనాలు వద్దు, బీపీ, గుండెజబ్బు, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవారికి అసలే వద్దు.

అన్ని రకాల డిమెన్షియాకూ ఒకే పద్ధతా?

మూలసూత్రం ఒకటే గానీ జాగ్రత్తలు మారతాయి. లూయీ బాడీ అనే రకంలో, పార్కిన్సన్స్‌తో (వణుకు, ఒళ్ళు బిగుసుకుపోవడం ఉండే జబ్బు) వచ్చే రకంలో నిలబడగానే బీపీ పడిపోవడం ఎక్కువ. పైగా ఒక పూట చురుకుగా, మరో పూట మత్తుగా ఉంటారు కాబట్టి చురుకుగా ఉన్న వేళనే ఎంచుకోవాలి. నడుస్తూ నడుస్తూ కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఆగితే, లాగకుండా 'ఒకటి, రెండు' అని తాళం వేయడం గానీ, ముందు ఒక గీత చూపి దాన్ని దాటమనడం గానీ పనిచేస్తుంది. పక్షవాతం తర్వాత వచ్చిన రకంలో బీపీ అదుపే మొదటి వైద్యం.

మంచం పట్టినవారికి ఇంక ఏమీ లేదా?

ఉంది. రోజుకు రెండు పూటలా భుజం, మోచేయి, వేళ్ళు, తుంటి, మోకాలు, చీలమండలను ఒక్కొక్కదాన్ని ఐదారు సార్లు, నొప్పి మొదలయ్యే చోటు దాకా మాత్రమే, మెల్లగా ఆడించాలి. ఇలా చేయకపోతే కీళ్ళు ముడుచుకుపోయి, చంక కడగడానికి కూడా చేయి తెరుచుకోదు. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. అన్నం పెట్టేటప్పుడు పడుకోబెట్టి కాకుండా నిటారుగా కూర్చోబెట్టడం వల్ల మెడకూ నడుముకూ పని దొరుకుతుంది, పొలమారడం కూడా తగ్గుతుంది.

ఎప్పుడు వెంటనే ఆపాలి?

గుండెలో నొప్పి, మాట్లాడలేనంత ఆయాసం, కళ్ళు తిరగడం, మూతి వంకరపోవడం, ఒక వైపు బలహీనత, కొత్తగా వచ్చిన కుంటు వంటివి కనిపిస్తే ఆపి 108కి చెప్పాలి, లేదా ఆసుపత్రికి చేర్చాలి. పడిన తర్వాత లేచి నడిచినా, ఆ తర్వాత కొన్ని వారాల దాకా తలనొప్పి, మగత పెరిగితే తలలో రక్తం చేరిందేమో చూపించాలి. రక్తం పల్చబడే మందులు వాడేవారి విషయంలో ఇది మరీ ముఖ్యం.

మరొకటి ఉంది. నిన్నటిదాకా నడిచిన మనిషి ఈ రోజు లేవకపోతే, ఒక్క రాత్రిలో తికమక ఎక్కువైతే, జబ్బు ముదిరిందని సరిపెట్టుకోవద్దు. డిమెన్షియా సాధారణంగా అలా ఒక్క రోజులో ముదరదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో నెమ్ము, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం తగ్గడం, కొత్తగా ఇచ్చిన మాత్ర, బయటికి కనబడకుండా ఎముక విరగడం, వీటిలో ఏదో ఒకటి ఉండే అవకాశం ఎక్కువ, వాటిలో చాలా వాటికి చికిత్స ఉంది.

చూసుకునేది నేనొక్కదాన్నే. నాకే ఓపిక లేదు.

చాలా ఇళ్ళలో ఈ భారం కోడలి మీదో పెళ్ళికాని కూతురి మీదో పడి ఉంటుంది. హైదరాబాదు, బెంగళూరుల్లో ఉన్న అన్నదమ్ములు వీడియోకాల్‌లో సలహాలిస్తారు. ఆ వీడియోకాల్‌నే వాడుకోండి: రోజూ ఒక పూట పదిహేను నిమిషాలు కొడుకు ఫోనులోంచి చేసి చూపిస్తూ తండ్రి చేత చేతుల వ్యాయామం చేయిస్తే మీకు ఆ పదిహేను నిమిషాలు దొరుకుతాయి. ఎవరూ లేని రోజు ఏ వ్యాయామమూ జరగకపోయినా, ఆయన తానే చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, తానే కంచం దగ్గరికి నడవడం జరిగితే అది లెక్కలోకి వస్తుంది. త్వరగా అయిపోతుందని మీరే అన్నీ చేసిపెట్టకపోవడం మీకూ ఆయనకూ మంచిది. వృద్ధుల కోసం ఉన్న జాతీయ సహాయవాణి 14567కు, మీ మనసు బరువెక్కినప్పుడు టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఎవరికి చూపించాలి, వెళ్ళేటప్పుడు ఏం తీసుకుపోవాలి?

కడప, అనంతపురం, కర్నూలులో మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు ఉన్నాయి; అక్కడ వైద్యుడికి చూపించి ఫిజియోథెరపీ కోసం అడగండి. వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి, ఆయుర్వేదం, నాటుమందులు ఉంటే అవి కూడా. ఆసుపత్రి వరండాలో కొత్త మనుషుల మధ్య పెద్దవారు ఇంట్లో నడిచినట్టు నడవరు కాబట్టి, ఇంట్లో కుర్చీలోంచి లేచి, నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడాన్ని పక్క నుంచి ఒక నిమిషం వీడియో తీసి ఫోనులో చూపించండి. తిరిగే చోట తూలుతున్నారా, ఏ కాలు ఈడుస్తున్నారు అన్నది మీరు మాటల్లో చెప్పేదానికంటే ఆ నిమిషంలో ఫిజియోథెరపిస్టుకు ఎక్కువ తెలుస్తుంది.